డీఎస్పీ అంటే పోలీసూ కాదు, దేవిశ్రీ ప్రసాదూ కాదు

డీఎస్పీ అనగానే మా ఇంట్లో వాళ్లకి పోలీస్ జీపు గుర్తొస్తుంది. మా క్లాసులో వాళ్లకి దేవిశ్రీ ప్రసాద్ గుర్తొస్తాడు. ఈ రెండూ కాక మూడో డీఎస్పీ ఒకటుంది. డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్. ఆ పేరు చెప్తే మాత్రం సీఎస్ఈ వాళ్లెవరైనా ముందు చేసే పని పారిపోవడం.

వచ్చే సెమిస్టర్‌కి ఓపెన్ ఎలక్టివ్ ఆప్షన్లు పెట్టుకునే టైమ్ దగ్గరపడింది కాబట్టి ఇది ఇప్పుడు రాస్తున్నా. జూనియర్ల వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్‌లు అప్పుడే తిరుగుతున్నాయి. "డీఎస్పీ పెట్టొద్దు బ్రో, సప్లీ గ్యారంటీ" అని. ఈసారి మా మూడు సెక్షన్లు కలిపి ఆ సబ్జెక్టు తీసుకున్నది 14 మందిమి. ఇంకాస్త తగ్గితే క్లాసు నడపలేమని, లిస్టులోంచే తీసేస్తామని డిపార్ట్‌మెంట్‌లో అంటున్నారు.

నా మాట సూటిగా చెప్పేస్తా. ఈ సబ్జెక్టుని తీసేయకూడదు. అలాగని ఇప్పుడున్నట్టు ఉంచకూడదు కూడా. మనం భయపడుతున్నది సబ్జెక్టుని చూసి కాదు, దాని ప్రశ్నాపత్రాన్ని చూసి. ఈ రెండూ వేరు అని చెప్పడానికే ఈ వ్యాసం. ఒకటో తరగతి నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివినవాణ్ణి, తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి. ఇది తెలుగులోనే ఎందుకు రాయాలనిపించిందో మధ్యలో చెప్తా.

అది ఈసీఈ వాళ్లది కదా?

అందరూ ముందు అనే మాట ఇదే. మనకెందుకు, అది ఈసీఈ వాళ్ల గోల అని. సరే, ఆ సబ్జెక్టుకి గుండెకాయ లాంటి ఎఫ్ఎఫ్‌టీనే తీసుకుందాం. అసలు అదేంటి?

మన దగ్గర 1024 నంబర్ల లిస్టు ఒకటి ఉందనుకోండి. మైక్ ముందు మాట్లాడితే వచ్చిన నంబర్లే అనుకోండి. "ఇందులో ఫలానా లయ ఎంత ఉంది?" అని తెలుసుకోవాలి. ఆ లయకి సంబంధించిన సైన్, కొసైన్ విలువల లిస్టు తీసుకుని, మన లిస్టుతో డాట్ ప్రొడక్ట్ చేస్తాం. పెద్ద నంబర్ వస్తే ఆ లయ గట్టిగా ఉన్నట్టు, సున్నా దగ్గరికి వస్తే లేనట్టు. ఇలా 1024 లయల గురించి విడివిడిగా అడిగితే 1024 సార్లు 1024, అంటే 10,48,576 గుణకారాలు. డీఎఫ్‌టీ అంటే ఇంతే. రెండు ఫర్ లూపులు, ఒకదానిలో ఒకటి.

ఎఫ్ఎఫ్‌టీ చేసేదేంటంటే, లిస్టుని సరి స్థానాలు, బేసి స్థానాలు అని రెండుగా విడగొడుతుంది. ఒక్కోదానికి విడిగా జవాబు కనుక్కుని, మళ్లీ కలుపుతుంది. ఆ సగాల్ని మళ్లీ సగాలు చేస్తుంది. ఎక్కడో విన్నట్టుంది కదూ? రెండో ఏడాది మెర్జ్ సార్ట్‌లో మనం చదివిన డివైడ్ అండ్ కాంకర్ ఇదే. పది లక్షలు దాటిన గుణకారాలు 5,120కి దిగుతాయి. అంటే 200 రెట్లకి పైగా తగ్గుదల. ఎన్ స్క్వేర్‌ని ఎన్ లాగ్ ఎన్‌కి దించడం సీఎస్ఈ పని కాకపోతే మరి ఏ బ్రాంచి పని?

దీన్ని 1965లో కూలీ, ట్యూకీ అనే ఇద్దరు పేపర్‌గా రాశారు. (మొదటాయన పేరు నిజంగానే కూలీ. గుణకారాల కూలి తగ్గించినాయనకి సరిగ్గా సరిపోయింది.) తర్వాత వెతికితే తేలిందేంటంటే, ఇదే కిటుకు దాదాపు 1805 నాటికే గాస్ నోట్సులో ఉంది. గ్రహశకలాల కక్ష్యలు లెక్కగట్టడానికి ఆయన వాడుకున్నాడు. అది అచ్చయింది ఆయన చనిపోయాక, 1866లో. కంప్యూటర్ లేని మనిషికి కూడా లెక్క తగ్గించుకోవాలన్న ఆరాటం ఉంది. మనలో కోడింగ్ కాంటెస్టులు రాసేవాళ్లకి 998244353 అనే నంబర్ పరిచయమే. అన్ని ప్రాబ్లమ్స్‌లో ఆ నంబరే మాడ్యులోగా ఎందుకు కనబడుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? దాంట్లోంచి ఒకటి తీసేస్తే 2కి 23వ ఘాతాన్ని 119తో గుణించినంత. లిస్టుని పదేపదే సగాలు చేయడానికి అది అనువైన నంబర్. ఎఫ్ఎఫ్‌టీనే పూర్ణాంకాలతో చేసుకుని పాలినామియల్స్ గుణించడానికి అది పనికొస్తుంది. అంటే మనం ఈ సబ్జెక్టుని పేరు తెలియకుండా ఎప్పటినుంచో వాడుతున్నాం.

ఇంకో ఉదాహరణ. మీ ఫోన్లో ఉన్న ఫొటోల్లో ఎన్నో జేపీఈజీలే. దాని లోపల పనిచేసేది డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. 1974లో దాన్ని పేపర్‌గా రాసిన ముగ్గురి పేర్లు నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు. అహ్మద్ పుట్టింది బెంగళూరులో. బొమ్మని 8 బై 8 చుక్కల గళ్లుగా కోసి, ఒక్కో గడిలో కంటికి పెద్దగా తెలియని వేగమైన మార్పుల్ని సరిపుచ్చేస్తారు. ఫ్యామిలీ గ్రూపుల్లో ఇరవై చేతులు మారిన గుడ్ మార్నింగ్ బొమ్మ మీద చిన్న చిన్న చదరాలు కనబడతాయి చూశారా, అవి ఆ గళ్లే. ఈ పేర్లు మన సిలబస్ కాగితంలో ఎక్కడా లేవు. ఫార్ములా మాత్రం ఉంది.

ప్యాకేజీ రాదు కదా?

ఇది నిజాయితీగా ఒప్పుకోవాల్సిన వాదన. క్యాంపస్‌కి వచ్చే కంపెనీల్లో ఎక్కువ శాతం డీఎస్పీ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగవు. అరేలు, స్ట్రింగులు, డీబీఎంఎస్, ఒక ఆప్టిట్యూడ్ రౌండ్. అంతవరకే చూసుకుంటే ఈ సబ్జెక్టు దండగే. ఇంట్లో అప్పు తెచ్చి ఫీజు కట్టినవాళ్లకి "జ్ఞానం కోసం చదువు" అని నీతులు చెప్పే ఉద్దేశం నాకు లేదు.

కానీ మనం డీఎస్పీ వదిలేసి దేనికి పరుగెడుతున్నాం? మెషీన్ లెర్నింగ్ ఎలక్టివ్‌కి. అక్కడ కాన్వల్యూషన్ లేయర్ అని ఒకటుంటుంది కదా, ఆ మాట ఎక్కడ నుంచి వచ్చింది? లైబ్రరీల్లో కాన్వల్యూషన్ అని రాసి ఉన్నది నిజానికి క్రాస్ కోరిలేషన్. ఫిల్టర్‌ని తిరగేయకుండానే గుణిస్తారు. డీఎస్పీ మొదటి యూనిట్ చదివినవాడికి ఇది రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. చదవనివాడు "కన్వ్ టూడీ అంటే అంతే" అని ముందుకెళ్లిపోతాడు.

మాట విని రాసిపెట్టే విస్పర్ అనే మోడల్ గురించి మీరంతా విన్నారు. 2022లో ఓపెన్ఏఐ విడుదల చేసింది. దానికి మన గొంతు ఉన్నదున్నట్టు వెళ్లదు. ముందు సెకనుకి 16,000 నంబర్ల చొప్పున మారుస్తారు. దాన్ని 25 మిల్లీసెకన్ల ముక్కలుగా, 10 మిల్లీసెకన్లకి ఒకసారి జరుపుతూ కోస్తారు. ఒక్కో ముక్కకి ఎఫ్ఎఫ్‌టీ చేసి, చెవి వినే తీరుకి దగ్గరగా ఉండే పట్టీల్లోకి సర్దుతారు. ఆ తర్వాతే న్యూరల్ నెట్‌వర్క్. అంటే మెషీన్ లెర్నింగ్ అనే బంగ్లాకి గేటు దగ్గర కూర్చున్న వాచ్‌మన్ డీఎస్పీ. మనం వాచ్‌మన్‌ని చూడకుండా కారులో లోపలికి పోతున్నాం.

చూడకపోతే ఏమవుతుందో మా సీనియర్ల ప్రాజెక్టులో చూశాం. వాళ్లు తెలుగు మాటలు కొన్ని గుర్తుపట్టే యాప్ చేశారు. ల్యాప్‌టాప్ మైక్‌లో రికార్డు చేసిన గొంతులతో ట్రైన్ చేస్తే బాగానే పనిచేసింది. ఫోన్ కాల్ రికార్డింగులు పెట్టగానే చతికిలబడింది. లేయర్లు పెంచారు, ఎపోక్‌లు పెంచారు, రెండు వారాలు లెర్నింగ్ రేటుతో కుస్తీ పట్టారు. చివరికి ఈసీఈ నుంచి ఒక మేడమ్ వచ్చి రెండు రికార్డింగుల స్పెక్ట్రోగ్రామ్‌లు పక్కపక్కన పెట్టమన్నారు. ఫోన్ రికార్డింగులో పై సగం నల్లగా, ఖాళీగా ఉంది. మామూలు ఫోన్ కాల్ సెకనుకి 8,000 నంబర్లే తీసుకుంటుంది, అందులో దాదాపు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే పంపుతుంది. ఆ ఫైల్‌ని తర్వాత 16,000కి మార్చినా లేని శబ్దం పుట్టుకురాదు. మోడల్ నేర్చుకున్న సమాచారంలో సగం అక్కడ అసలు లేదు. ఐదు నిమిషాల్లో తేలిపోయింది.

అందుకే నా వాదన ఇది. డీఎస్పీ ఉద్యోగం తెచ్చిపెడుతుందని కాదు. ఉద్యోగంలో చేరాక "ఎందుకు పనిచేయట్లేదు" అనే ప్రశ్న ఎదురైనప్పుడు, డేటా లోపలికి తొంగిచూసే కన్ను ఇస్తుంది. తెలుగు మాటని అర్థం చేసుకునే యంత్రాలు ఎవరో ఒకరు చేయాలి. ఐఐటీ మద్రాసులోనూ, తర్వాత ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లోనూ బి. యజ్ఞనారాయణ గారు దశాబ్దాల పాటు చేసింది ఈ స్పీచ్ సిగ్నల్స్ పనే. ఆ బాట మన ఊళ్లోనే ఉంది. దాని మీద నడవడానికి సీఎస్ఈ నుంచి 14 మంది కూడా లేకపోతే ఎలా?

పరీక్షలో ఏముంది?

ఇప్పుడు అసలు జబ్బు దగ్గరికి వద్దాం. మన పేపర్లో ఏమడుగుతారు? 8 పాయింట్ల ఎఫ్ఎఫ్‌టీ బటర్‌ఫ్లై డయాగ్రామ్ గీసి జవాబు కనుక్కోండి. రెండు నాలుగంకెల లిస్టులకి సర్క్యులర్ కాన్వల్యూషన్ చేయండి. బటర్‌వర్త్ ఫిల్టర్ డిజైన్ చేయండి. ప్రతి ఏడాదీ ఇవే, నంబర్లు మారతాయంతే.

8 పాయింట్ల బటర్‌ఫ్లై సరదా గురించి చెప్పాలి. నేరుగా చేస్తే 64 గుణకారాలు, ఎఫ్ఎఫ్‌టీతో 12. యంత్రానికి పని తగ్గించాలని కనిపెట్టిన పద్ధతిని మనిషి చేత స్కేలు, పెన్సిలు పెట్టి చేయిస్తున్నాం. రెండో స్టేజీలో ఒక మైనస్ గుర్తు పోతే చివరి ఎనిమిది జవాబుల్లో సగం పోతాయి, వాటితో పాటు మార్కులు పోతాయి. బిట్ రివర్సల్ ఎందుకు వస్తుందో అడగరు, వరస మాత్రం 0, 4, 2, 6, 1, 5, 3, 7 అని అందరూ బట్టీపట్టేస్తారు. హాస్టల్లో దాన్ని ఫోన్ నంబర్‌లా పాడుకుంటూ తిరిగేవాళ్లు ఉన్నారు.

ల్యాబ్ సంగతి ఇంకా విచిత్రం. సెమిస్టర్ మొత్తం మీద సైన్ వేవ్ గ్రాఫులు గీశాం, రికార్డులో అతికించాం, సంతకాలు పెట్టించుకున్నాం. ఒక్కసారంటే ఒక్కసారి కూడా ఏ శబ్దమూ వినలేదు. శబ్దాల గురించిన సబ్జెక్టు నాలుగు నెలలు చదివి, ఒక్క శబ్దం వినకుండా పాసయ్యాం. వంట పుస్తకం బట్టీపట్టి, ఉప్పు చూడకుండా వంటమనిషి సర్టిఫికెట్ తీసుకున్నట్టుంది.

సార్ల వైపు నుంచి కూడా చెప్పాలి. సిలబస్, పేపర్ రెండూ యూనివర్సిటీవి. ఒక్కో సారుకి రెండు మూడు సెక్షన్లు, కట్టలకొద్దీ పేపర్లు. బటర్‌ఫ్లై డయాగ్రామ్‌కి మార్కులేయడం తేలిక, గొడవలుండవు. "నీ గొంతులో స ఎక్కడుందో చూపించు" అని అడిగితే 60 మందికి 60 రకాల జవాబులొస్తాయి, దిద్దడానికి ఓపిక కావాలి. మా సార్ ఒకసారి ఈ మాటే అన్నారు, "నాకూ ఇష్టమే నాయనా, టైమ్ ఏది?" అని. కాబట్టి ఇది ఎవరినో తిట్టడానికి రాస్తున్నది కాదు. కానీ కష్టం ఎవరిదైనా, నష్టం మాత్రం మనదే.

పౌనఃపున్యం

ఇప్పుడు తెలుగు దగ్గరికి వస్తా. మా రూమ్మేట్ ఈసీఈ. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం. సిగ్నల్స్ సబ్జెక్టు అంటే వాడికి వణుకు. ఇంగ్లీష్‌లో ప్రశ్న అర్థం కావడానికే సగం ఓపిక అయిపోతుందంటాడు. ఒకరోజు రాత్రి చదువుకుంటూ "ఫ్రీక్వెన్సీ అంటే పౌనఃపున్యమే కదా మామా" అన్నాడు. నాకా మాట నోరు తిరగలేదు. ఏంట్రా ఆ తిట్టు అన్నా. వాడు నవ్వి, "పునః పునః అంటే మళ్లీ మళ్లీ. మళ్లీ మళ్లీ జరగడమే పౌనఃపున్యం" అన్నాడు.

ఆ ఒక్క మాటలో ఉన్నది చూడండి. ఫ్రీక్వెన్సీ అనే మాట నేను ఏడో తరగతి నుంచి వాడుతున్నా. యూనిట్ హెర్ట్జ్, వన్ బై టీ, ఫార్ములా వచ్చు. అది నాకు ఒక లేబుల్. వాడికి ఆ మాటే నిర్వచనం. మళ్లీ మళ్లీ వచ్చేది ఎంత తొందరగా వస్తుంది, అంతే. అలాగే రెజొనెన్స్‌కి అనునాదం. ఒక నాదం వెంట ఇంకో నాదం కదలడం. ఫిల్టర్ గురించి చెప్తుంటే వాడే అన్నాడు, "జల్లెడ కదా, సన్నవి పోతాయి, లావువి ఆగుతాయి" అని. లో పాస్ ఫిల్టర్ అంటే అంతకంటే ఏం చెప్పగలం?

నాకు మాటలొచ్చు, వాటి వెనకున్న బొమ్మ లేదు. వాడి దగ్గర బొమ్మ ఉంది, పరీక్ష అడిగే భాషలో మాటల్లేవు. వైవాలో ఎవరికి మార్కులొస్తాయో మీకు తెలుసు. గడగడా డెఫినిషన్ చెప్పినవాడికి. జల్లెడ అన్నవాణ్ణి చూసి పక్కన ఉన్నవాళ్లు నవ్వుతారు. ఇలా నవ్వించుకుని, తమకి అర్థమైన విషయం కూడా అర్థం కాలేదేమో అనుకుంటూ చదువుతున్నవాళ్లు మన కాలేజీలో ప్రతి బెంచీకీ ఒకరుంటారు. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే విషయం ఇదే.

టెక్స్ట్‌బుక్ మొత్తం తెలుగులోకి మార్చేయాలని నేను అనను. కాన్వల్యూషన్‌ని కాన్వల్యూషన్ అనే అందాం, ఉద్యోగంలో అదే మాట కావాలి. కానీ క్లాసులో ఒక్కసారి తెలుగులో చెప్పుకుంటే తప్పేంటి? ఉదాహరణకి ఇలా. ఆడిటోరియంలో ఎవరూ లేనప్పుడు ఒక్క చప్పట్టు కొట్టండి. అది గోడలకి తగిలి, మెల్లగా సన్నబడుతూ తిరిగొస్తుంది. ఆ ఒక్క చప్పట్టుకి వచ్చిన జవాబు ఆ హాలు స్వభావం. ఇప్పుడు మీరు మాట్లాడితే, మీ మాటలోని ప్రతి చిన్న ముక్కా ఒక చిన్న చప్పట్టు లాంటిదే. ప్రతి ముక్కా తన వెనక ఒక ప్రతిధ్వనిని లాక్కొస్తుంది. అన్నీ కలిస్తే హాల్లో వినిపించే మీ గొంతు. ఈ కలపడమే కాన్వల్యూషన్. ఇది విన్నాక నాలుగంకెల లిస్టుల లెక్క ఎందుకు చేస్తున్నామో తెలుస్తుంది. వినకముందు అది ఎక్కాల పుస్తకం.

అటు, అట్టు

మాటలు చెప్పడం కాదు, చేసి చూద్దామని మా ఫ్లోర్‌లో ఆరుగురం కలిసి ఒక శనివారం కూర్చున్నాం. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీ. ఇయర్‌ఫోన్ మైక్ చాలు. అందరం రెండు మాటలు రికార్డు చేశాం. "అటు", "అట్టు". టిఫిన్ టైమ్ దగ్గరపడి ఆ మాట తట్టింది, వేరే కారణం లేదు.

ఒత్తు అంటే గట్టిగా పలకడం అనే నేను ఇన్నాళ్లూ విన్నది. స్క్రీన్ మీద కనబడింది వేరు. "అటు"లో అ తర్వాత చిన్న నిశ్శబ్దం, తర్వాత ట పేలుడు. "అట్టు"లో పేలుడు దాదాపు అలాగే ఉంది, దాని ముందున్న నిశ్శబ్దం సాగింది. ఆరుగురి గొంతుల్లోనూ రెట్టింపు దాటింది. అంటే కాగితం మీద ఒత్తు అక్షరం కింద ఉంటుంది, నోట్లో మాత్రం అది ఆగడంలో ఉంది. ఇది పుస్తకంలో చదవలేదు. కళ్లతో చూశాం. ఒకడైతే గడి, గడ్డి కూడా రికార్డు చేసి ఇంకా ఏమేం ఉన్నాయో చూద్దామని అర్ధరాత్రి దాకా కూర్చున్నాడు. వాడికి డీఎస్పీలో మొదటి మిడ్‌లో వచ్చిన మార్కులు చెప్తే నమ్మరు, అందుకే చెప్పట్లేదు.

తర్వాత లో పాస్ ఫిల్టర్ పెట్టి 2,000 హెర్ట్జ్ పైనంతా తీసేశాం. ఆ, ఓ, ఊ అన్నీ బానే వినబడుతున్నాయి. స మాత్రం మాయం. స బలమంతా పైన, 4,000 హెర్ట్జ్ దాటిన చోట ఉంటుంది. ఫోన్లో ఇనిషియల్ చెప్పేటప్పుడు "ఎస్, ఎస్ ఫర్ సీత" అని ఎందుకు అరుస్తామో ఇప్పుడు తెలిసింది. ఎస్‌కీ ఎఫ్‌కీ తేడా చెప్పే భాగాన్ని మామూలు ఫోన్ లైన్ ముందే కోసేస్తుంది. కొత్త ఫోన్లలో హెచ్‌డీ వాయిస్ అంటే సెకనుకి 16,000 నంబర్లు, అందుకే అది తేటగా ఉంటుంది.

శాంప్లింగ్ థియరమ్ కూడా ఆ రోజే మనసుకెక్కింది. షానన్ 1949 పేపర్, రెండు రెట్ల కంటే ఎక్కువ వేగంతో కొలవాలి అనే వాక్యం అందరికీ వచ్చు. కానీ 5,000 హెర్ట్జ్ కూతని సెకనుకి 8,000 సార్లే కొలిచి, మధ్యలో ఏ ఫిల్టరూ లేకుండా వినిపించినప్పుడు అది 3,000 హెర్ట్జ్ కూతగా వినబడింది. దొంగ వేషం మార్చుకుని వచ్చినట్టే. ఫోన్ వీడియోలో సీలింగ్ ఫ్యాన్ వెనక్కి తిరిగినట్టు కనబడేది కూడా ఇదే. ఎలియాసింగ్ అంటే మారుపేరుతో తిరగడం అని ఆ రోజు తర్వాత ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇదంతా అయ్యేసరికి మూడు గంటలు పట్టింది. ఖర్చు సున్నా.

అడుగుతున్నది ఇంతే

సిలబస్ యూనివర్సిటీది, మన చేతిలో లేదు. ల్యాబ్, ఇంటర్నల్ మార్కులు, అసైన్‌మెంట్లు మన కాలేజీవి. అందుకే డిపార్ట్‌మెంట్‌కి మూడు మాటలు చెప్పాలనుకుంటున్నా.

ఒకటి, ల్యాబ్‌లో కనీసం మూడు ప్రయోగాలు నిజమైన శబ్దంతో పెట్టండి. ఆడిటోరియం చప్పట్టు ఒకటి. మన గొంతులో ఒత్తులు, స శబ్దం ఒకటి. మూడోది మృదంగం. మామూలుగా గుండ్రటి చర్మం మీద కొడితే పుట్టే స్వరాలు మొదటిదానికి 1.59 రెట్లు, 2.14 రెట్లు అంటూ అస్తవ్యస్తంగా ఉంటాయి. మృదంగం మధ్యలో ఉన్న నల్లటి పూత వల్ల అవి దాదాపు పూర్తి గుణిజాలుగా సర్దుకుంటాయి, అందుకే అది శ్రుతిలో పలుకుతుంది. చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1920లోనే దీని గురించి రాశారు. ఆయనకి ఎఫ్ఎఫ్‌టీ లేదు. మనకి ఒక్క లైను కోడ్. మన కల్చరల్ క్లబ్బులో మృదంగం ఉంది, బీరువాలో దుమ్ము పట్టి.

రెండు, మ్యాట్‌లాబ్ సీట్లు చాలట్లేదని ల్యాబ్ ఆపొద్దు. పైథాన్, ఆక్టేవ్ ఫ్రీ. అలెన్ డౌనీ రాసిన థింక్ డీఎస్పీ పూర్తిగా పైథాన్‌తో, ఫ్రీగా దొరుకుతుంది. స్టీవెన్ స్మిత్ పుస్తకం కూడా ఫ్రీగానే దొరుకుతుంది. సీఎస్ఈ వాళ్లకి అవే సొంతిల్లు లాంటివి. బటర్‌ఫ్లై గీయించే బదులు ఎఫ్ఎఫ్‌టీ కోడ్ రాయించి, రెండు ఫర్ లూపుల పద్ధతితో పోల్చి, టైమ్ చూపించమనండి. మార్కులు దిద్దడానికి అదీ తేలికే.

మూడు, వైవాలో తెలుగులో జవాబు చెప్పనివ్వండి. టెర్మ్ ఇంగ్లీష్‌లో, వివరణ ఏ భాషలోనైనా. దీనికి ఏ యూనివర్సిటీ పర్మిషన్ అక్కర్లేదు. మా రూమ్మేట్ జల్లెడ అంటే నవ్వకుండా, "సరే, ఆ జల్లెడ కన్ను ఎంత పెద్దది?" అని తిరిగి అడగండి. కటాఫ్ ఫ్రీక్వెన్సీ అని వాడే చెప్తాడు.

ఇక జూనియర్లకి. మీ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ అబద్ధమని నేను అనను. సబ్జెక్టులో లెక్క ఉంది, తప్పించుకోలేరు. కాంప్లెక్స్ నంబర్లంటే అసలు పడనివాళ్లు ఆలోచించుకోండి. కానీ "ఈసీఈ వాళ్లది" అని, "యూజ్‌లెస్" అని మాత్రం వదిలేయకండి. ఆప్షన్ మార్చుకునే అవకాశం ఉన్నప్పుడే క్లాసు ఉంటుంది. లిస్టులోంచి పోయాక మీ తర్వాతి వాళ్లకి ఆ పేజీయే కనబడదు.

తీసుకోవాలో వద్దో తేల్చుకోలేకపోతే ఈ శనివారం సాయంత్రం మా ఫ్లోర్‌కి రండి. డే స్కాలర్స్ కోసం, గర్ల్స్ హాస్టల్ వాళ్ల కోసం ఆదివారం పొద్దున లైబ్రరీ వెనక గదిలో ఇంకోసారి పెడుతున్నాం. మీ ఇయర్‌ఫోన్స్ మీరే తెచ్చుకోండి, మా దగ్గర రెండే ఉన్నాయి, అందులో ఒకటి ఎడమ వైపే పలుకుతుంది.